బేతనియలోని యిల్లు
(గృహజీవితమును, స్నేహితుని యెడబాటును గూర్చిన పాఠము)

చదువవలసిన భాగములు: లూకా 10:38-42, యోహాను 11:1-44, యోహాను 12:1-8, 2 సమూయేలు 9:1-13



మన ప్రభువు బోధించిన స్థలములు అనేకములు. సమాజమందిరములలోను, కొండమీదను, దోనెలో కూర్చుండియు, దేవాలయపు ఆవరణములోను ఆయన మాటలాడెను. అయితే ఆయన చనువుతో వచ్చి, భోజనమునకు కూర్చుండి, మరల మరల అడుగుపెట్టిన యిండ్లు సువార్తలలో కొద్దిగానే కనబడును. వాటిలో బేతనియలోని యింటిని గూర్చి మనకు ఎక్కువగా తెలియును. ఆ యింటివారు ఇద్దరు అక్కచెల్లెండ్రు, ఒక సహోదరుడు. వారి ఆస్తిని గూర్చి గాని వృత్తిని గూర్చి గాని వాక్యములో వివరము లేదు. వంట, భోజనము, అతిథి, జబ్బు, చావు, ఏడ్పు, మరల భోజనము, ఇవియే ఆ యింటి సంగతులు. మన యిండ్ల సంగతులును ఇవియే గదా!

బేతనియ యెరూషలేమునకు తూర్పుగా, ఒలీవలకొండ వాలుననున్న గ్రామము. యోహాను చెప్పిన 15 స్తాదియముల దూరము మన లెక్కలో 3 కిలోమీటర్లకు కొంచెము తక్కువ. మామూలుగా నడచువారికి ముప్పావు గంట ప్రయాణము. ఇప్పుడు ఆ యూరిని అరబీ భాషలో అల్-ఐజరియ యని పిలుచుచున్నారు. ఆ పేరు లాజరు పేరునుండి వచ్చినదే.

ఈ నెల ఆ యింటిని మూడు సమయములలో చూతము: అతిథి వచ్చిన దినమున, చావు వచ్చిన దినమున, మరల భోజనము వడ్డించిన దినమున.

1. వంటయిల్లును వాక్యమును

లూకా 10వ అధ్యాయములోని సంగతి మీరు అనేక పర్యాయములు విన్నారు. మార్త పనితో తొందరపడుచుండెను. మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండి వినుచుండెను. ఈ భాగమును బోధించునప్పుడు మార్తను తప్పుపట్టి, మరియను పొగడి ముగించుట మనకు అలవాటు. అయితే మన యూళ్లలో ఒక స్త్రీ దినమును చూడుడి. తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, గేదె పాలు పిండి, అన్నము వార్చి, పిల్లలకు క్యారేజీ కట్టి, ఏడు గంటలకు కలుపుతీతకో నాట్లకో బయలుదేరును. సాయంకాలము తిరిగి వచ్చి మరల పొయ్యి ముట్టించును. అయ్యగారు ప్రార్థనకు వచ్చిరనిన వెంటనే పంచదార కొరకు పక్కింటికి పరుగెత్తును. ఆమెకు “మార్తవలె ఉండకుము” అని చెప్పుట సులభము. ఆమె కూర్చుండినయెడల ఆ రాత్రి పిల్లలకు అన్నమెవరు పెట్టవలెను?

ప్రభువు మార్తను వంట మానుమని చెప్పలేదు. అనేకమైన వాటిని గూర్చి ఆమె మనస్సు చీలిపోవుచున్నదని చెప్పెను. ఆమె పేరును రెండుసార్లు పిలిచి చెప్పెను. అది గద్దించువాని పిలుపు కాదు, ప్రేమించువాని పిలుపు. కాబట్టి ఈ భాగమునుండి పురుషులమైన మనమొక సంగతి నేర్చుకొనవలెను. గృహప్రార్థనకు భార్యను పిలుచుటకు ముందు, ఆమె కూర్చుండుటకు వీలు కలుగజేయవలెను. భర్త నీళ్లు పట్టి, కుమారుడు గిన్నెలు తోమి, కుమార్తె చాప పరచినయెడల ఆ యింటి మార్తయు పాదములయొద్ద కూర్చుండగలదు. ఒక్కరే పనిచేసి మిగిలినవారందరు వాక్యము వినుచున్న యింటిలో ఆ వినుటకు లోటున్నది.

ఇంకొక సంగతి కలదు. ప్రభువునకును ఆ యింటివారికిని స్నేహము ఎట్లు కుదిరెను? వారు తలుపు తీసిరి, ఆయన లోపలికి వచ్చెను, వారు పెట్టినది ఆయన తినెను. స్నేహము సామాన్యముగా ఇట్లే పెరుగును. గొప్ప మాటలవలన కాదు, అరుగుమీద కూర్చుండుటవలన, ఒక గ్లాసు మజ్జిగవలన, అడుగకుండగానే వచ్చి చేయి వేయుటవలన పెరుగును. మన ఇంటి గడపయే మన స్నేహములకు పొలము.

2. మాటలాడని స్నేహితుడు

నాలుగు సువార్తలు వెదకినను లాజరు పలికిన మాట ఒక్కటియు మనకు దొరకదు. మార్త మాటలాడెను, మరియ మాటలాడెను. లాజరు జబ్బుపడెను, చనిపోయెను, లేచెను, భోజనమునకు కూర్చుండెను. అయినను అక్కచెల్లెండ్రు కబురు పంపినప్పుడు అతని పేరైనను చెప్పకుండ, ప్రభువు ప్రేమించువాడు రోగియైయున్నాడని మాత్రమే తెలియజేసిరి. ఆ మాట చాలెను. ఎవరిని గూర్చి చెప్పుచున్నారో ఆయనకు తెలిసెను. తరువాత శిష్యులతో మాటలాడునప్పుడు ప్రభువు అతనిని స్నేహితుడనియే పిలిచెను.

నాకును అట్టి మితభాషియైన స్నేహితుడొకడు ఉండెను. నేను ఈ యూరికి వచ్చి పదునాలుగేండ్లయినది. మా సామానును ట్రాక్టరుమీదనుండి దించుటకు మొదట వచ్చినవాడు అతడే. రెండెకరముల రైతు, సంఘపెద్ద. సాయంకాలము పాలకేంద్రములో పాలు పోసి, ఖాళీ క్యాను చేత పట్టుకొని మా అరుగుమీదికి వచ్చును. “మబ్బు పట్టిందండీ” అనును. కొంతసేపటికి “పడదులెండి” అనును. అంతే. మా యిద్దరి మధ్య అరగంట అట్లు గడచును. ఆదివారము ప్రాతఃకాలమున గుడి గంట కొట్టువాడు అతడే. గుడి రేకులు గాలికి లేచిన దినమున నిచ్చెన తెచ్చినవాడును అతడే. సంఘములో తగవు వచ్చినప్పుడు అతడు ఎవరి పక్షమునను కేకలు వేయలేదు. ఇద్దరి యిండ్లకును వెళ్లి కొంతసేపు కూర్చుండి వచ్చెడివాడు.

గత సంవత్సరము నాట్ల దినములలో ఒక తెల్లవారుజామున అతనికి గుండెలో నొప్పి వచ్చెను. ఆటో మండల కేంద్రము చేరకముందే అతడు ప్రభువునందు నిద్రించెను. వయస్సు నలుబది ఆరు.

అతడు పోయిన తరువాత చాల దినములవరకు నా భార్య సాయంకాలము టీ కాచి మూడు గ్లాసులు తెచ్చుచుండెను. అరుగుమీద పెట్టిన తరువాత జ్ఞాపకము వచ్చి, ఒక గ్లాసును మాటలేకుండ లోపలికి తీసికొనిపోవుచుండెను. నేనును చూడనట్లే ఉండెడివాడను. నా సెల్లులో అతని నంబరు ఇప్పటికిని ఉన్నది. సమాధి కార్యక్రమములు నేను అనేకము నడిపితిని. అయితే ఎడబాటు అనునది సమాధియొద్దకంటె ఇట్టి చిన్న వస్తువులయొద్ద మనుష్యుని పట్టుకొనునని ఆ దినములలో బాగుగా తెలిసినది. మీ యిండ్లలోను అట్టి వస్తువులుండును: గోడకు తగిలించిన తువాలు, దూలమునకు చెక్కిన కొడవలి, ఎవరును కూర్చుండని నులక మంచము. వాటిని చూచి కన్నీరు వచ్చుట బలహీనత కాదు. అక్కడ ఒక మనుష్యుడు మెలగెనని ఆ వస్తువులు సాక్ష్యమిచ్చుచున్నవి.

3. “ఉండియుంటే” అను మాట

యోహాను 11వ అధ్యాయమును జాగ్రత్తగా చదువుడి. మార్త ఊరి వెలుపల ప్రభువును కలిసికొని ఒక మాట చెప్పెను. తరువాత మరియ వచ్చి అదే మాట చెప్పెను. ప్రభువు ఇక్కడ ఉండినయెడల తమ సహోదరుడు బ్రదికియుండునని ఇద్దరును చెప్పిరి. ఇద్దరి నోట ఒకే మాట వచ్చుట చూడగా, ఆ నాలుగు దినములు ఆ యింటిలో దానినే ఒకరితోనొకరు అనుకొనుచుండిరని తోచుచున్నది.

చావు వచ్చిన ప్రతి యింటిలోను ఈ మాట వినబడును. నా స్నేహితుని యింటిలోను వినబడెను. “రాత్రే తీసుకెళ్లి ఉంటే బతికేవాడు” అని ఒకరు, “ఆ రోజు పొలానికి పోనివ్వకుండా ఉండుంటే” అని మరియొకరు. రాత్రి అతడు ఛాతీలో మంటగా ఉన్నదనగా అతని భార్య అజీర్ణమనుకొని జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చెను. పరామర్శకు వచ్చినవారు ఆ సంగతిని ఆమెచేత పదిసార్లు చెప్పించిరి. చెప్పిన ప్రతిసారి ఆమె ముఖము మరింత వాడిపోయెను.

ఇక్కడ ఒక చిన్న లెక్క కలదు. ప్రభువు అప్పుడు యొర్దాను అవతల నుండెను. బేతనియకు అక్కడనుండి ఇంచుమించు ఒక దినపు ప్రయాణమనుకొందము. కబురు తెచ్చినవానికి ఒక దినము, ప్రభువు నిలిచిన రెండు దినములు, ఆయన వచ్చుటకు ఒక దినము, మొత్తము నాలుగు. ఆయన వచ్చునప్పటికి లాజరు సమాధిలో నాలుగు దినములనుండి యుండెను. అనగా కబురు అందిన నిమిషముననే ఆయన బయలుదేరినను, లాజరు అప్పటికే మరణించియుండును. “ఉండియుంటే” అను లెక్క మనము దుఃఖములో వేయు లెక్క. అది తరచుగా తప్పగును. అయినను ప్రభువు ఆ అక్కచెల్లెండ్రతో లెక్క వేసి వాదింపలేదు, వారిని గద్దింపనులేదు. ఆ మాటను మోసికొనివచ్చిన హృదయమును ఆయన చూచెను.

బ్రదికియున్నవారి మేలుకొరకు నేర్చుకొనవలసినది నేర్చుకొందము. ఛాతీలో బరువుగాని నొప్పిగాని వచ్చి, అది ఎడమ చేతికో దవడకో ప్రాకి, చెమట పట్టి, ఊపిరి ఆడకుండినయెడల, అజీర్ణమని తెల్లవారువరకు ఆగకుడి. వెంటనే 108కి ఫోను చేయుడి. ఈ సంగతిని ప్రతి యింటిలోను చెప్పుకొనుడి. అయితే దీనిని రేపటికొరకు చెప్పవలెను. నిన్న భర్తను పోగొట్టుకొన్న స్త్రీ యెదుట దీనిని చెప్పుట ఆమె గాయములో కారము చల్లుటయే. రెండింటికిని భేదమెరిగినవాడు జ్ఞాని.

4. విశ్వాసి యేడ్వవచ్చునా?

ఆదరణ కూడిక అయిన మరునాడు నేను ఆ యింటికి వెళ్లితిని. ఆ సహోదరి వసారాలో స్తంభమునకు ఆనుకొని కూర్చుండెను. ఆమె నాతో ఇట్లనెను: “అయ్యగారండీ, ఏడిస్తే విశ్వాసం లేదంటున్నారు. ఏడవకపోతే మొగుడంటే మనసు లేదంటున్నారు. నేనేం చెయ్యనండీ?”

నేను బైబిలు తెరచి యోహాను 11వ అధ్యాయము చదివితిని. వివరణ ఎక్కువ చెప్పలేదు. చదువుట ముగిసిన తరువాత, “అమ్మా, ఏడ్పు వచ్చినప్పుడు ఏడువు. రానప్పుడు ఊరకుండు. ఈ యింట్లో ఇద్దరక్కచెల్లెళ్లూ ఒకేలాగ లేరు. ప్రభువు ఇద్దర్నీ తన దగ్గరకు రానిచ్చాడు” అని మాత్రము చెప్పితిని.

సంఘమంతయు ఈ సంగతి గ్రహింపవలెనని ఇక్కడ వ్రాయుచున్నాను. ప్రభువు వచ్చుచున్నాడని వినగానే మార్త లేచి నడచిపోయెను. ఆమెకు మాటలాడవలసియుండెను, అడుగవలసియుండెను. ప్రభువు ఆమెతో మాటలాడి, తానే పునరుత్థానమును జీవమునైయున్న సంగతి ఆమెకు తెలియజేసెను. మరియ ఇంటిలో కూర్చుండియుండి, పిలిచిన తరువాత వచ్చి పాదములమీద పడి యేడ్చెను. ఆమెకు ఆయన ఉపదేశము చేయలేదు. ఆయన కలవరపడి, సమాధి యెక్కడనో అడిగి, కన్నీళ్లు కార్చెను. దుఃఖములో మాటలు కావలసినవారు కలరు, తోడు కన్నీరు కావలసినవారు కలరు. మార్తకు కావలసినదానిని మరియమీదను, మరియకు కావలసినదానిని మార్తమీదను రుద్దవద్దు.

మరియొక సంగతి గమనింపుడి. కొన్ని నిమిషములలో లాజరును లేపబోవుచున్నానని ప్రభువునకు తెలియును. తెలిసియు ఆయన యేడ్చెను. కాబట్టి కన్నీరు అవిశ్వాసమునకు గురుతు కాదు. పునరుత్థానమును నిశ్చయముగా ఎరిగినవాని కన్నులనుండియే అది వచ్చెను. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రికలో (4:13) దుఃఖపడనేకూడదని ఆజ్ఞాపింపలేదు. నిరీక్షణలేనివారి దుఃఖమువంటి దుఃఖము వద్దని చెప్పెను. అదే పౌలు తన జతపనివాడైన ఎపఫ్రొదితు చావునకు సిద్ధమైయుండగా దేవుడు కనికరించెననియు, లేనియెడల తనకు దుఃఖముమీద దుఃఖము కలిగియుండుననియు ఫిలిప్పీయులకు (2:27) దాచక తెలియజేసెను. అపొస్తలుడు చెప్పుకొనిన దుఃఖమును మనమెందుకు దాచవలెను?

కొన్ని యూళ్లలో మన విశ్వాసుల యిండ్లలో సహితము దినము పెట్టి విధవరాలి గాజులు పగులగొట్టుట, ఆమెను శుభకార్యములకు దూరముగా నిలుపుట యింకను జరుగుచున్నవి. సంఘపెద్దలు దీనిని నిలువరింపవలెను. భర్త పోయినందున ఆమె దేవుని యెదుట తక్కువ కాలేదు. ఆమెను సిగ్గుపరచు ఆచారము ప్రభువు కార్చిన కన్నీటికి విరోధము.

5. పరామర్శకు వెళ్లువారికి

బేతనియకు యెరూషలేమునుండి అనేకులు ఆదరించుటకు నడచి వచ్చిరి. అది మంచి ఆచారము. మన యూళ్లలోను ఇట్టి మంచి యున్నది. చావు వచ్చిన యింటిలో పొయ్యి వెలుగదు గనుక ఇరుగుపొరుగువారు అన్నము వండి తెచ్చుదురు. కులము వేరైనవారును కావడి బియ్యమో కూరగాయలో పంపుదురు. దానినిబట్టి దేవునికి వందనములు.

యోబు స్నేహితులను జ్ఞాపకము చేసికొనుడి. ముగ్గురు మూడు స్థలములనుండి బయలుదేరి వచ్చి, అతని దుఃఖము మిక్కిలి గొప్పదని చూచి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద అతనితో కూర్చుండిరి. ఒక్కడును మాటలాడలేదు (యోబు 2:11-13). ఆ యేడు దినములు వారు మంచి స్నేహితులు. నోరు తెరచి, ఎందుకు జరిగెనో వివరింప మొదలుపెట్టిన తరువాతనే వారు యోబునకు భారమైరి. పరామర్శకు వెళ్లువారు దీనిని మనస్సున ఉంచుకొనవలెను. “దేవునికి అవసరమై తీసుకున్నాడు”, “ఏదో పాపముండును” అను మాటలు మీ నోట రానియ్యకుడి. వెళ్లుడి, కూర్చుండుడి, చేయి పట్టుకొనుడి. చిన్న ప్రార్థన చేసి లేచి రండి.

అంతకంటె ముఖ్యమైనది కాలము. మొదటి దినమున ఇల్లు పట్టనంతమంది వత్తురు. ఆదరణ కూడికనాడు పందిరి నిండును. మూడవ నెలలో గడప తొక్కువారుండరు. ఆ మూడవ నెలలోనే పాలవాని లెక్క, పిల్లల ఫీజు, ఎరువుల దుకాణపు బాకీ ఒకేసారి వచ్చి వాకిట నిలుచును. కాబట్టి మా సంఘస్త్రీల సమాజమువారు ఒక ఏర్పాటు చేసిరి. వారమునకు ఇద్దరు చొప్పున ఒక సంవత్సరము ఆ యింటికి వెళ్లుదురు. ఉపదేశము చేయుటకు కాదు. ఒకనాడు బియ్యము ఏరిపెట్టిరి, ఒకనాడు గేదెకు గడ్డి కోసిరి, ఒకనాడు ఊరకే కూర్చుండి ఆమె చెప్పినది వినిరి. యాకోబు 1:27లో చెప్పబడిన పరామర్శ ఇట్టిదే.

6. స్నేహితుని యింటిపట్ల ఋణము

దావీదు యోనాతానుల స్నేహము మీకు తెలిసినదే. యోనాతాను గిల్బోవ పర్వతముమీద హతుడయ్యెను. దావీదు వస్త్రములు చింపుకొని యేడ్చెను, ఉపవాసముండెను, విలాపగీతము కట్టి దానిని యూదావారికి నేర్పించెను. మనమైనయెడల అక్కడితో స్నేహధర్మము తీరెననుకొందుము. అయితే 2 సమూయేలు 9వ అధ్యాయము చదువుడి. తండ్రి పోయినప్పుడు మెఫీబోషెతు ఐదేండ్ల పిల్లవాడు, దాది పరుగెత్తుచు పడవేసినందున రెండు కాళ్లును కుంటివాడాయెను. 9వ అధ్యాయము వచ్చునప్పటికి అతనికే ఒక చిన్న కుమారుడున్నాడు. అనగా చాల సంవత్సరములు గడచినవి. అప్పుడు దావీదు, యోనాతాను నిమిత్తము తాను ఉపకారము చూపదగినవారు సౌలు కుటుంబములో ఎవరైన మిగిలిరాయని అడిగెను. సంవత్సరములు గడచినను స్నేహమునకు గడువు తీరలేదు.

దావీదు చేసినవి మూడు. మొదట వెదకించెను. మెఫీబోషెతు తానుగా రాలేదు, లోదెబారులో ఒకని యింట నుండెను. రెండవది, సౌలు భూమిని అతనికి మరల ఇప్పించి, సీబాయు అతని పదునైదుగురు కుమారులును ఇరువదిమంది దాసులును దానిని సాగుచేయునట్లు ఏర్పరచెను. మూడవది, తన బల్లయొద్ద అతనికి నిత్యము స్థలమిచ్చెను. కాగితము, కంచము రెండును చూచెను. కంచములో అన్నము పెట్టి భూమి సంగతి మరచినయెడల అది భిక్షమగును. భూమి ఇప్పించి బల్లయొద్దకు పిలువనియెడల అది కచేరి పని యగును.

మన యూళ్లలో దీనిని ఎట్లు చేయవలెనో చెప్పుదును. 1969 సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టము ప్రకారము, మరణమును 21 దినములలోపల తెలియజేసి నమోదు చేయింపవలెను. గ్రామములో పంచాయతీ కార్యదర్శి యొద్దకు వెళ్లవలెను. ఏడ్చుచున్న కుటుంబమునకు ఈ సంగతి తోచదు. ఆ ధ్రువపత్రము లేనిది బ్యాంకు ఖాతాలోని డబ్బు రాదు, విధవరాలి పింఛనుకు దరఖాస్తు సాగదు, పట్టాదారు పాసుపుస్తకము వారసుల పేరునకు మారదు. చదువు వచ్చిన స్నేహితుడొకడు ఆమె కుమారుని వెంటబెట్టుకొని ఆ మూడు ఆఫీసులకును తిరిగినయెడల, అది మూడు ప్రసంగములకంటె ఎక్కువ ఆదరణ.

అప్పుల విషయము కూడ చెప్పవలెను. నా స్నేహితుడు పోయిన పదునైదు దినములకు ఒకడు వచ్చి, కాగితమేమియు లేకుండ, తనకు ఇరువది వేలు రావలెననెను. సంఘపెద్దలు కూర్చుండి నెమ్మదిగా విచారించిరి. సాక్షియు లేడు, లెక్కయు లేదు. అతడు మరల రాలేదు. ఆ తరువాత ఒక రాత్రి పొరుగూరి మనుష్యుడొకడు సైకిలుమీద వచ్చి, నాలుగు వేల రూపాయలు ఆ సహోదరి చేతిలో పెట్టి, “అన్న నాకు విత్తనాలకిచ్చాడమ్మా. పంట చేతికొచ్చాక ఇద్దామనుకున్నా” అనెను. ఆ బదులు సంగతి ఆమెకును తెలియదు, మాకును తెలియదు. అతడు ఊరకున్నయెడల ఏ నరుడును అడుగలేడు. చనిపోయినవాడు అడుగలేడు గనుకనే తెచ్చి యిచ్చితినని అతడు చెప్పెను. సంఘములో ఎవరైనను చనిపోయినవారికి బాకీపడియున్నయెడల, ఆ మనుష్యుని జ్ఞాపకము చేసికొనుడి. రాత్రివేళనైనను వెళ్లి ఇచ్చి రండి.

ఇప్పుడు మా గుడి గంట కొట్టుచున్నవాడు నా స్నేహితుని కుమారుడు. పదవ తరగతి చదువుచున్నాడు. తండ్రి నిదానముగా కొట్టెడివాడు, ఇతడు త్వరగా కొట్టును. మొదట కొందరు పెద్దలు అతనిని సరిదిద్దబోయిరి. నేను వలదంటిని. వాని గంటను వానినే కొట్టనిత్తము.

7. మరల అదే యిల్లు, అదే భోజనము

యోహాను 12వ అధ్యాయములో ఆ బేతనియలోనే మరల విందు జరిగెను. మార్త మరల వడ్డించుచుండెను. ఈసారి ఆమె ఎవరిమీదను ఫిర్యాదు చేయలేదు. లాజరు ప్రభువుతోకూడ భోజనమునకు కూర్చుండెను. మరియ మిక్కిలి విలువగల జటామాంసి అత్తరు తెచ్చి ప్రభువు పాదములకు పూసెను. దాని వెల 300 దేనారములని యూదా లెక్క కట్టెను. మత్తయి 20వ అధ్యాయములోని ఉపమానము ప్రకారము ఒక దేనారము ఒక దినపు కూలి. కనుక అది కూలివాని యొక్క ఇంచుమించు సంవత్సరపు సంపాదన. ఇల్లంతయు ఆ వాసనతో నిండెను. కొద్దికాలము క్రిందట సమాధి రాయి తీయుటకు మార్త వాసనను గూర్చి భయపడెను గదా! ఇప్పుడు అదే కుటుంబము మధ్య వేరొక వాసన.

“మన స్నేహితుడు లేచి రాలేదు గదా, ఈ కథ మనకేల?” అని మీలో కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. లాజరును ప్రభువు లేపినది నిజము. అయితే లాజరు మరల మరణింపవలసినవాడే. ఆ లేపుట శాశ్వతమైన ఆదరణ కాదు, ఒక గురుతు. మార్తతో ప్రభువు పలికినది ఆ గురుతు సూచించిన సత్యము. మరణమును జయించిన తన యందు విశ్వాసముంచువాడు మరణించినను బ్రదుకునని ఆయన వాగ్దానము. ఆ వాగ్దానమునకు ఆయన తన ప్రాణమునే వెలగా పెట్టెను. నా స్నేహితుని శరీరము గుడి వెనుక వేపచెట్ల క్రింద నున్నది. అతడు ఆ ప్రభువు చేతిలో నున్నాడని నేను నమ్ముచున్నాను. ఈ నమ్మకము అరుగుమీది ఖాళీ స్థలమును నింపలేదు. ఆ ఖాళీతో నడచుటకు బలమిచ్చినది.

అందువలన ఈ విందులో మార్త పనిని చూడుడి. దుఃఖము వచ్చి వెళ్లిన యింటిలో మరల అన్నము వండవలెను, వాకిలి ఊడ్వవలెను, అతిథిని పిలువవలెను. నవ్వు వచ్చినప్పుడు నవ్వవలెను. చనిపోయినవారికి ద్రోహము చేయుచున్నామని భయపడవద్దు. వారి పేరు ఎత్తుటకును భయపడవద్దు. పిల్లల యెదుట వారి సంగతులు చెప్పుడి. వారి మంచిని మీ చేతులతో కొనసాగింపుడి. బ్రదికియున్న స్నేహితునితో ఏదైన మనస్పర్థ యున్నయెడల, ఎఫెసీయులకు 4:26లోని ఆజ్ఞ జ్ఞాపకము చేసికొని, ఈ సాయంకాలము సూర్యుడు గ్రుంకకమునుపే అతని అరుగుమీదికి వెళ్లి కూర్చుండుడి.

కుటుంబములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ యింటిలో ప్రార్థన సమయమున ఎవరు పనిలో ఉండిపోవుచున్నారు? వారు కూర్చుండుటకు ఇతరులు ఏ పని పంచుకొనగలరు?
2. మార్త దుఃఖించిన విధమునకును మరియ దుఃఖించిన విధమునకును భేదమేమి? మీ యింటిలో ఎవరు ఎట్టివారు?
3. గడచిన సంవత్సరములో మీ పేటలో చావు వచ్చిన యిల్లు ఏది? మీరు అక్కడికి చివరగా ఎప్పుడు వెళ్లితిరి?
4. దావీదు మెఫీబోషెతునకు చేసిన మూడు కార్యములలో మీరు ఈ నెల చేయగలది ఏది?

ప్రార్థన

బేతనియలో మాతోటివారి కన్నీటిని చూచి కన్నీరు కార్చిన ప్రభువా, మా యిండ్లలోనికి రమ్ము. మా పొయ్యియొద్దను మా చాపయొద్దను నీవు ఉండుము. స్నేహితులను పోగొట్టుకొన్నవారి చేయి పట్టుకొనుము. మాటలు కావలసినవారికి నీ మాటను, కన్నీరు కావలసినవారికి తోడు కన్నీటిని దయచేయుము. విధవరాండ్రయొక్కయు తండ్రిలేనివారియొక్కయు హక్కును కాపాడు ధైర్యమును మాకిమ్ము. మేము బాకీపడినది తీర్చు యథార్థతను మాకు నేర్పుము. నీ యందు నిద్రించినవారిని మేము మరల చూచు దినమువరకు, బ్రదికియున్నవారిని ప్రేమించుటకు మాకు సహాయము చేయుము. ఆమేన్.